చంద్రగిరి మ్యూజియంలో విగ్రహాలను గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న: సెలవుల్లో పిల్లలనూ అత్తగారినీ చంద్రగిరి కోటకు తీసుకెళ్దామనుకుంటున్నాం. రాజమహల్ మ్యూజియంలో విగ్రహాలన్నీ నాకు ఒకేలా కనిపిస్తాయి. ఏది ఎవరో పిల్లలకు ఎలా చెప్పాలి? అత్తగారు పూలు పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు వద్దు. తిరుపతి నుంచి సుమారు 12 కిలోమీటర్లే కాబట్టి ఎండ ముదరకముందే చేరుకోండి.

లోహ విగ్రహాల దగ్గర అందరూ ముందు ముఖం చూస్తారు. ఏళ్ల తరబడి అభిషేకాలు జరిగి, చింతపండుతో తోమితే ముందు అరిగేది ముక్కూ కళ్లే. అందుకే పీఠం నుంచి మొదలుపెట్టండి. పక్కల రింగులో రంధ్రాలో ఉంటే అది ఊరేగిన ఉత్సవమూర్తి. వాహనం మీద కదలకుండా బిగించడానికి అవి. పీఠం మీద నిలువుగా లేచిన చిన్న కొక్కేలు ప్రభావళికి, అంటే విగ్రహం వెనుక నిలిపే తోరణానికి.

తర్వాత చేతులు. పై చేతుల్లో శంఖచక్రాలుంటే విష్ణువు. కింది కుడిచేయి అరచేయి చూపిస్తూ వేళ్లు కిందికి దించి వరదహస్తంగా, ఎడమచేయి నడుముకు ఆనించి ఉంటే మన వేంకటేశ్వరుడి భంగిమ. వేళ్లు పైకి ఉంటే అభయహస్తం. ఈ తేడా పిల్లల చేత చేసి చూపించమనండి, ఇక మరచిపోరు.

అమ్మవారి విగ్రహం ఒంటరిగా కనిపిస్తే పువ్వు ఏ చేతిలో ఉందో చూడండి. శ్రీదేవి స్వామికి కుడివైపు నిలబడుతుంది, సాధారణంగా ఎడమచేత తామర పడుతుంది, కుచబంధం (రొమ్ము చుట్టూ కట్టే పట్టీ) ఉంటుంది. భూదేవి ఎడమవైపు, కలువ కుడిచేతిలో, కుచబంధం ఉండదు. స్వామి వైపు ఉన్న చేతిలోనే పువ్వు, బయటి చేయి కిందికి వేలాడుతుంది. జత విడిపోయినా ఆమె ఎటు నిలబడేదో ఇలా తెలిసిపోతుంది. ఇంత చక్కటి ఆనవాలు మరొకటి లేదు.

వీలైతే వెనక్కీ వెళ్లి చూడండి, జడల అల్లికా, తల వెనుక చక్రంలా ఉండే శిరశ్చక్రమూ అక్కడే ఉంటాయి. అద్దంలో మెరుపు అడ్డొస్తే ఓ అడుగు పక్కకు జరగండి.

పూలు, కుంకుమ వద్దు, తాకనూ వద్దు. చేతి చెమటలోని ఉప్పు రాగితో కలిస్తే లేత ఆకుపచ్చ పొడిలాంటి కిలుము పుడుతుంది. తడి తగిలేకొద్దీ అది లోహాన్ని తినేస్తూ పోతుంది. అత్తగారు మనసులో దణ్ణం పెట్టుకుంటే చాలు. మెట్లెక్కలేకపోతే ఆమెను కింది అంతస్తులోనే కూర్చోబెట్టి, కలపే వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్ పైకప్పును చూడమనండి.