కొత్త మెయిల్ ఐడీ వద్దు, ముందు స్పామ్ తెరిచి చూడండి

రోజుకు నలభై యాభై పనికిరాని మెయిల్స్ వస్తున్నాయి, పాత ఐడీ వదిలేసి కొత్తది తీసుకోవాలా అని అడిగారు. వద్దండీ. ఆ ఐడీ బ్యాంకుకు, పాన్‌కు, పీఎఫ్‌కు ఎక్కడెక్కడ ఇచ్చారో మీకే గుర్తుండదు, రేపు ఏదైనా పాస్‌వర్డ్ మర్చిపోతే ఓటీపీ ఆ పాతదానికే పోతుంది. కొత్తదానికీ ఆరు నెలల్లో ఇదే గతి పడుతుంది, అడిగిన చోటల్లా ఇచ్చే చెయ్యి మారలేదు కదా.

నేను నల్లగొండలో ఉంటాను, మా అక్కవాళ్లది దేవరకొండ. రెండేళ్ల కింద సద్దుల బతుకమ్మ రోజు పొద్దున వాళ్లింట్లో తంగేడు, గునుగు కుప్ప పోసుకుని కూర్చున్నాం. మేనకోడలు గునుగు పూలకు రంగు అద్దుతోంది, చేతులన్నీ తడి, ఫోన్ మోగితే ఎవరో చూడమని నాకిచ్చింది. చూస్తే చదవని మెయిల్స్ ఆరు వేల పైనే ఉన్నాయి. ఇదేందమ్మా ఇన్ని అంటే, "అన్నీ చెత్తనే మామా, ఉద్యోగాల సైటోళ్లవి. ఎక్కువైతే స్పామ్‌లో పడేస్తున్నా" అంది. ఊరికే స్పామ్, అంటే చెత్త మెయిల్స్ పడే ఫోల్డర్, తెరిచాను. లోన్లు, లాటరీలు, మీ పేరు మీద కోట్లు ఉన్నాయనే మెయిల్స్, వాటి నడుమ హైదరాబాద్ కంపెనీ ఉత్తరం ఒకటి. బీకామ్ చదివినవాళ్లకు అకౌంట్స్ పోస్టు, ఎల్బీనగర్ దగ్గర ఆఫీసు, శుక్రవారం పది గంటలకు ఇంటర్వ్యూ. ఆ శుక్రవారం పోయి అప్పటికే నాలుగు రోజులైంది.

వెంటనే ఫోన్ చేయించాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు, పోస్టు నిండిపోయిందమ్మా అన్నారు. పిల్ల వచ్చి మళ్లీ పూల ముందే కూర్చుంది గానీ ఒక్క వరుస పేర్చలేదు. అక్క ఒక్క మాట అనలేదు. బావ బయటికి పోయి మధ్యాహ్నం దాకా రాలేదు. ఆ ఏడు మా ఇంటి బతుకమ్మ చిన్నదే అయింది.

ఎందుకట్లా జరిగిందో ఆ రాత్రి కూర్చుని చూస్తే తెలిసింది. ఉద్యోగాల సైట్ నుంచి రోజూ వచ్చే మెయిల్స్ విసుగొచ్చి ఆమె అన్నిటినీ టిక్ పెట్టి రిపోర్ట్ స్పామ్ కొట్టేది. ఆ కంపెనీ ఇంటర్వ్యూ ఉత్తరం కూడా అదే సైట్ అడ్రస్ నుంచే పంపింది. ఒకరిని స్పామ్ అని మనమే పదేపదే చెప్పాక ఆ అడ్రస్ నుంచి వచ్చేవి చాలావరకు అందులోకే పోతాయి.

అందుకే మనం చేరిన సైట్ల మెయిల్స్‌నూ, ఎవరో తెలియనివాళ్ల చెత్తనూ ఒకే కట్టెతో కొట్టొద్దు అంటాను. మీరే ఎప్పుడో రిజిస్టర్ అయిన సైట్, మీరు కొన్న షాపు అయితే మెయిల్ పైన ఉండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి, ఆగుతాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైన మెయిల్స్ పంపే పెద్ద కంపెనీలు ప్రచార మెయిల్స్‌లో ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు పెట్టాల్సిందేనని 2024లో గూగుల్ నియమం పెట్టింది. ఉద్యోగాల సైట్ అయితే దాన్ని పూర్తిగా ఆపకుండా, దాని సెట్టింగ్స్‌లోకి పోయి రోజువారీ అలర్ట్‌లు మాత్రం తీసేయండి. ఎవరో తెలియనివాళ్లు, లాటరీ, కేవైసీ అనేవాళ్ల మెయిల్ అయితే లోపల ఏ లింకూ నొక్కకండి, వాళ్ల అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కూడా. నొక్కితే ఈ ఐడీ వెనక మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసిపోతుంది. వాటికి రిపోర్ట్ స్పామే సరి. ఇలాంటి మోసంలో డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అసలు తప్పు అడిగేవాళ్లది. చెప్పులు కొన్నా నంబర్ చెప్పండి, మెయిల్ చెప్పండి అంటారు, బిల్లుకు అదెందుకు? ప్రచార ఎస్సెమ్మెస్‌లూ ఫోన్లూ ఆపించుకోవడానికి 1909 అని ఒక నంబర్ ఉంది, మెయిల్‌కు అలాంటిది ఏదీ లేదు. అడ్డం తిరిగి ఇవ్వనని చెప్పండి, బిల్లు ఎందుకు ఇవ్వరో చూద్దాం. తప్పదంటే మీ ఐడీలో @కు ముందు, మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి షాపు పేరు కలిపి ఇవ్వండి, జీమెయిల్‌లో అది మీకే వస్తుంది, రేపు ఆ అడ్రస్‌కు ఎవరెవరో పంపితే ఎవరి దగ్గర నుంచి బయటికి పోయిందో తెలిసిపోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లలో ఇంకో అన్యాయం, పల్లెల నుంచి వచ్చే పిల్లల అప్లికేషన్లకు సెంటర్‌వాళ్లే తమ సొంత ఐడీ ఇచ్చేస్తారు. ఆ ఉత్తరాలు ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి? పిల్లలకు పాస్‌వర్డ్ కూడా తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా అట్లా చేసి ఉంటే ఇప్పుడే పోయి మార్పించండి.

ఈ సాయంత్రమే మీ స్పామ్ తెరిచి పై నుంచి కింది దాకా ఒకసారి చూడండి, మనవాళ్లది ఏదన్నా కనిపిస్తే నాట్ స్పామ్ నొక్కండి. జీమెయిల్‌లో స్పామ్‌లో పడ్డది 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత దానంతట అదే పోతుంది. ఆ రోజు ఫోన్ నా చేతికి రాకపోయి ఇంకో మూడు వారాలు గడిచి ఉంటే, అసలు ఆ ఉత్తరం వచ్చిందన్న సంగతే మా పిల్లకు తెలిసేది కాదు.