శాతాల కంటే ముందు ఓటర్ల జాబితా చదువు

చిరంజీవి శారదకు పెద్దమ్మ ఆశీస్సులు.

స్వాతంత్ర్యం తరువాత మన దేశంలో ఓటింగు ఎలా పెరిగింది, పార్టీలు దాన్ని ఎలా మలిచాయి అనే విషయం మీద పుస్తకం రాయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. అప్పటి నుంచి సంతోషమూ దిగులూ రెండూ నన్ను వదలడం లేదు. సంతోషం సంగతి నీకు తెలిసిందే. ఇటువంటి పుస్తకాలు శాతాల పట్టికలతో మొదలై శాతాలతోనే ముగియడం ఎన్నోసార్లు చూశాను కనుక నా దిగులు.

తేలిక పనులు ముందు చెబుతాను. ఎన్నికల సంఘం నివేదికలను మొదటి ఎన్నిక నుంచి వరుసగా చదువు. వేర్వేరు పార్టీల వైపు మొగ్గే పత్రికలను పక్కపక్కన పెట్టుకో. ఏ అంకె రాసినా, అది దేనిలో ఎంత భాగమో రాయకుండా వదలకు.

ఈ చివరిది చిన్న విషయం కాదు. 1951-52 ఎన్నికల్లో ఓటర్లు 17 కోట్ల 32 లక్షల మంది, చెల్లిన ఓట్లు 10 కోట్ల 59 లక్షలు. రెండింటినీ భాగించి 61 శాతం పోలింగు అని రాస్తే తప్పే అవుతుంది. అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, అక్కడ ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు. నిజంగా వచ్చి ఓటు వేసినవారు 45 శాతం చుట్టుపక్కలే.

అయితే ఆ 17 కోట్ల లెక్కలోకే రానివారి గురించి నీ పుస్తకంలో ఒక అధ్యాయం ఉండాలి. మొదటి జాబితా తయారవుతున్నప్పుడు బిహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి చోట్ల లక్షలాది స్త్రీలు తమ పేరు పరాయివాళ్ళకు చెప్పడానికి ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చిన సిబ్బంది కూడా ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి అని రాసుకుని వెళ్ళిపోయారు. పేరు లేని ఓటరును ఒప్పుకోలేమని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ పట్టుబట్టారు. చివరికి సుమారు 8 కోట్ల మహిళా ఓటర్లలో దాదాపు 28 లక్షల మంది పేర్లు జాబితా నుంచి తొలగిపోయాయి. ఆ నిర్ణయం కఠినమైనదే అయినా సరైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఒకరి భార్యగా ఓటు వేసే మనిషిని పౌరురాలిగా లెక్కించినట్టు కాదు. కానీ వారిలో ఒక్కరు కూడా పోలింగు శాతంలో కనిపించరు. ఓటు వేయని వారిగానైనా కనిపించరు. 1962లో పురుషుల పోలింగు 63 శాతం, స్త్రీలది 47 శాతం లోపే. 2019 నాటికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది, 2024లో స్త్రీలు కొద్దిగా ముందున్నారు. ఈ కథను 1962 నుంచి మొదలుపెడితే సగం కథే చెప్పినట్టవుతుంది.

నేను బడిలో పనిచేస్తున్న రోజుల్లో ఎన్నికల విధులకు వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ వచ్చింది. పేరు అడిగితే పెద్దకొడుకు పేరు చెప్పి వాడి తల్లిని అంది. బయట ఒకరంటే ఒకరికి పడని రెండు పార్టీల ఏజెంట్లు తమ జాబితాలు తిరగేసి, ఆ ఇంటి నంబరు కింద వెతికి, ఆమె పేరు పట్టుకున్నారు. పేరు కింద గీత గీసి, ఆడవాళ్ళ లెక్క కోసం పక్కన టిక్కు పెట్టి, వేలికి సిరా పూశాం.

అందుకే పార్టీలను కేవలం తగవులు పెట్టేవిగా రాయవద్దు. 1952లోనూ 1957లోనూ ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది, దాని మీద గుర్తు ఉండేది. చదువు రాని కోట్ల మంది ఆ గుర్తును చూసే ఓటు వేశారు, ఆ గుర్తును ఇంటింటికీ తీసుకుపోయింది పార్టీలే. ఇంత పని చేసిన పార్టీల ప్రస్తావన రాజ్యాంగంలోకి వచ్చింది 1985లో, ఫిరాయింపుల నిషేధం తెచ్చిన 52వ సవరణతోనే. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరికి అధికారంలోకి ఎలా రాగలిగిందో రాసేటప్పుడు నాయకుడి ఆకర్షణ దగ్గరే ఆగిపోకు, ఆ తక్కువ కాలంలో ఊరూరా పార్టీ పని ఎవరు చేశారో వెతుకు.

ఒక మాట కటువుగానే చెబుతాను. నీకు ఒక పార్టీ మీద అభిమానం ఉంది, ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని దాచి రాస్తే ప్రతి పేజీలోనూ బయటపడుతుంది. ముందుమాటలోనే చెప్పెయ్యి. దానివల్ల నిన్ను ఎవరైనా నొప్పిస్తారేమోనని నాకు భయం లేకపోలేదు, అయినా ఆ మాటలు పడేటప్పుడు నీ పక్కన నేనుంటాను.

అన్నిటికంటే తొందర పెట్టవలసింది మరొకటి ఉంది. అప్పుడు ఓటు హక్కుకు 21 ఏళ్ళు నిండాలి, అది 18 అయింది 1989లో. అంటే మొదటి ఎన్నికల్లో ఓటు వేసినవారిలో అందరికంటే చిన్నవారికి కూడా ఇప్పుడు తొంభై దాటాయి. నివేదికలు గ్రంథాలయంలో ఎక్కడికీ పోవు, వాటిని వచ్చే ఏడాది చదువుకోవచ్చు. ముందు ఆ పెద్దవాళ్ళ దగ్గరకు వెళ్ళు. మా వైపు ఇంకా మిగిలినవారి పేర్లు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ఒంటరిగా తిరగవద్దు, నువ్వు బయలుదేరే తేదీ చెబితే నేనూ వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ