ఒత్తుకు కింద చోటు, గుడికి పైన చోటు

ప్రశ్న: నేను కడపలో అప్లైడ్ ఆర్ట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ ఏడాదే టైపోగ్రఫీ మొదలైంది. పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాల మీదే నడుస్తున్నాయి. సెరిఫ్, ఎక్స్-హైట్, కెర్నింగ్, లీడింగ్ అంటూ పేర్లన్నీ బట్టీ పట్టాను. తీరా ఒక తెలుగు వ్యాసాన్ని పత్రికలో రెండు పేజీలుగా కూర్చి తెమ్మన్నారు. పుస్తకంలో ఉన్నట్టే 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల లీడింగ్ ఇస్తే వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నేను నేర్చుకున్నది తప్పా? తెలుగు టైపోగ్రఫీని మొదటి నుంచి ఎలా నేర్చుకోవాలో దయచేసి చెప్పగలరు.
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: మీరు నేర్చుకున్నది తప్పు కాదు, ఇంకో లిపికి తీసిన కొలతను తెచ్చి తెలుగుకు తొడిగారు, అంతే. కొలత మారుతుంది గానీ కొలిచే పద్ధతి మారదు కనుక అక్కడి నుంచే మొదలుపెడదాం.

పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. ఫాంటు 10 పాయింట్లని సాఫ్ట్‌వేర్ చూపించినప్పుడు ఆ పది పాయింట్లు కంటికి కనిపించే అక్షరం ఎత్తు కాదు, అక్షరం కూర్చున్న పెట్టె ఎత్తు. సీసపు అక్షరాల కాలంలో ఆ పెట్టె నిజంగా చేతికి తగిలే లోహపు దిమ్మె. ఆ పెట్టెలో అక్షరాన్ని ఎంత పెద్దదిగా గీయాలన్నది ఫాంటు గీసినవారి ఇష్టం కాబట్టి, ఒకే 10 పాయింట్లలో ఒక తెలుగు ఫాంటు నిండుగానూ మరొకటి ఆవగింజలాగానూ కనిపిస్తుంది. వరుసల మధ్య ఎడం కావలసి వస్తే కంపోజిటర్లు సన్నని సీసపు పట్టీలు దూర్చేవారు. ఇంగ్లీషులో సీసాన్ని లెడ్ అంటారు గనుక ఆ ఎడానికి లీడింగ్ అన్న పేరు నిలిచిపోయింది. ఇప్పుడు దాన్ని ఒక వరుస పీట నుంచి తరువాతి వరుస పీట వరకు కొలుస్తున్నాం. అక్షరాలు కూర్చునే ఆ ఊహా గీతనే మీ పుస్తకం బేస్‌లైన్ అంటుంది.

ఇక అసలు తేడా ఎక్కడుందో చూడటానికి ‘స్త్రీ’ అన్న ఒక్క మాటను 200 పాయింట్లలో ముద్రించి గోడకు అంటించండి. నడుమ స ఉంటుంది, దాని నెత్తిన గుడిదీర్ఘం ఉంటుంది, అడుగున తావత్తు, క్రారవడి రెండూ చోటు కోసం తోసుకుంటూ ఉంటాయి. పక్కనే ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలతో ఏదైనా ఒక మాటను అదే 200 పాయింట్లలో పెట్టండి. అందులో చాలా అక్షరాలు పీటకూ ఎక్స్-హైట్‌కూ, అంటే చిన్నబడి x ఎత్తుకూ, మధ్యనే సర్దుకుంటాయి; కొన్ని మాత్రమే పైకి లేస్తాయి, కొన్ని మాత్రమే కిందికి దిగుతాయి. అందువల్ల వాటికి పదికి పన్నెండు సరిపోతుంది. తెలుగు అక్షరానికి మాత్రం మేడ మీద ఒక గది, నేలమాళిగలో ఒక గది, ఒక్కోసారి ఆ నేలమాళిగ కింద ఇంకో గది కూడా కావాలి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘శాస్త్రి’ వంటి మాటలు ఎక్కడ పడితే అక్కడ కింది వరుసకు ముప్పు పొంచి ఉందనుకోండి.

కాబట్టి తెలుగు వ్యాసానికి అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టమని నేను చెబుతాను. పదికి పదిహేను. దాన్ని తెర మీద చూసి తృప్తి పడకుండా, అచ్చయ్యే పరిమాణంలోనే కాగితం మీద తీసి, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకిన చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. పేజీలో ఒక్క సున్నా ఉన్నా ఎడం చాలనట్టే. అర పాయింటు చొప్పున పెంచుకుంటూ పోవాలి. అలాగని వరుసలు మరీ విడిపోతే ఒక వరుస చివరి నుంచి తరువాతి వరుస మొదటికి కన్ను దారి తప్పుతుంది. ఈ రెండింటి మధ్య ఆ ఫాంటుకు ఎక్కడ కుదురుతుందో కనిపెట్టడమే మీరు నేర్చుకోవలసిన మొదటి పాఠం. దీనికి సూత్రం లేదు, ప్రతి కొత్త ఫాంటుకూ మళ్ళీ చూసుకోవలసిందే.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెళ్ళిపత్రికలో చివరి నిమిషాన మరో బంధువు పేరు చేర్చమంటే, కార్డు సైజు మార్చలేక లీడింగు తగ్గించాను. పై వరుసలో ‘వెంకటలక్ష్మి’, సరిగ్గా దాని కింద ‘శ్రీ’ పడ్డాయి. క్ష్మి కింది ఒత్తులూ శ్రీ మీది గుడీ కలిసిపోయి ఒకే నల్లటి ముద్దగా అచ్చయ్యాయి. ఐదు వందల కార్డులు. పెళ్ళికూతురి నాయనమ్మ పేరే చదవరాకుండా చేశావు కదయ్యా అని పెద్దాయన ఒకరు నెమ్మదిగా అన్నారు. కోప్పడి ఉంటే అంతగా గుర్తుండేది కాదేమో.

రెండో పాఠం అక్షరం లోపలి తెల్లదనం. మీ పుస్తకంలో దీన్ని కౌంటర్ అంటారు. ఇంగ్లీషులో అది పూడుకుపోతే అక్షరం అందం చెడుతుంది, తెలుగులో అక్షరమే మారిపోతుంది. ద, ధ, థ మూడింటినీ పక్కపక్కన రాసుకుని చూడండి. ద కింద చిన్న గీత పడితే ధ, ఆ గీతతోపాటు పొట్టలో చుక్క కూడా పడితే థ. నాసిరకం కాగితం మీద చిన్న అక్షరాలతో అచ్చు వేసినప్పుడు సిరా పాకి ఆ చుక్క మునిగిపోతే ‘కథ’ కాస్తా ‘కధ’ అవుతుంది. అసలే ఆ మాటను తప్పుగా రాసేవారు కొల్లలు. వారికి తోడు మనం కూడా ఎందుకు? మరీ లావు ఫాంట్లలోనూ ఇదే ప్రమాదం ఉంది. అనేక్ తెలుగు వంటి ఫాంటులో సన్నం నుంచి బాగా లావు వరకు ఎనిమిది బరువులు ఉన్నాయి కాబట్టి, ‘ధ, థ, ఢ, ఫ’ అన్న నాలుగు అక్షరాలను ఎనిమిది బరువుల్లోనూ 8 పాయింట్లలో అచ్చు తీసి, ఏ బరువు దగ్గర గీత కనిపించడం మానేస్తుందో గుర్తు పెట్టుకోండి. ఒక మధ్యాహ్నం పని.

అక్షరాన్ని గీసినవారు ఎంత ఆలోచిస్తారో తెలియాలంటే ‘వు’ను చూడండి. చాలా అక్షరాలకు పెట్టినట్టే వకు కూడా కుడి పక్కన కొమ్ము పెడితే అది మ అయి కూర్చుంటుంది. అందుకే వు కొమ్ము కింది నుంచి బయలుదేరి కుడికి తిరుగుతుంది. కొన్ని అలంకారపు ఫాంట్లలో ఈ జాగ్రత్త సరిగా తీసుకోకపోవడం వల్ల ‘వు’ను ‘మ’గా చదువుకోవలసి వస్తుంది. శీర్షికకు ఫాంటు ఎంచుకునే ముందు ఈ ఒక్క జంటను రాసి చూసినా సగం పరీక్ష అయిపోయినట్టే.

వరుస పొడవు విషయంలో ఇంగ్లీషు పుస్తకాలు 45 నుంచి 75 అక్షరాలు అంటాయి. ఆ లెక్క మనకు కుదరదు. సంధులూ విభక్తులూ కలిసి మన మాటలు పొడవుగా ఉంటాయి కాబట్టి నేను మాటలనే లెక్కపెడతాను, వరుసకు ఏడెనిమిది మాటలుంటే హాయిగా చదవవచ్చునని నా అనుభవం. ఇరుకు కాలమ్‌లో రెండు అంచులూ సమంగా కత్తిరించినట్టు ఉండాలని పట్టుబడితే మాటల మధ్య పెద్ద పెద్ద బొక్కలు పడతాయి. అలాంటి చోట కుడి అంచును వదిలేయడమే మర్యాద. ఇక నొక్కి చెప్పవలసిన మాటను సాఫ్ట్‌వేర్‌తో పక్కకు వాల్చకండి. ఇటాలిక్ అన్నది ఇంగ్లీషు అక్షరాల చరిత్రలోంచి వచ్చింది, మన గుండ్రని అక్షరాన్ని బలవంతంగా వాల్చితే జారిపడుతున్నట్టు ఉంటుంది. ఒక మెట్టు లావు అక్షరం చాలు.

అక్షరాల చరిత్రలో గారమాండ్, కాస్లన్, బాస్కర్విల్, బొడోని, 1957లో వచ్చిన హెల్వెటికా వంటి పేర్లూ, వాటి వరుసక్రమమూ పరీక్షకు కావాలి, చదవండి. కలం నుంచి సీసపు పోతకు, అక్కడి నుంచి అలంకారం లేని నిలువు గీతకు అక్షరం ఎలా నడిచిందో వాటిలో తెలుస్తుంది. అయితే కడపలో ఉన్న మీకు మరో పాఠశాల చేతికందేంత దూరంలో ఉంది. సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్రాలూ పాత అచ్చు పుస్తకాలూ ఉన్నాయి. అనుమతి తీసుకుని ఒక పూట కూర్చోండి. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరానికి లావూ సన్నమూ ఉండవు, అంతా ఒకటే గీత. నార వెంట సూటిగా గీస్తే ఆకు చీలుతుంది కనుకనే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. తరువాత 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఒక పేజీ తెరవండి. తెలుగు మాట, దాని పక్కనే ఇంగ్లీషు అర్థం, రెండు లిపులూ ఒకే వరుసలో ఉంటాయి. ఎవరి పక్కన ఎవరు పెద్దగా కనిపిస్తున్నారు, పీట ఎక్కడ కలిసింది, వరుసల ఎడం ఎవరి అవసరాన్ని బట్టి పెట్టారు అని మూడే ప్రశ్నలు వేసుకుని, ఆ పేజీ మీద పలుచని ట్రేసింగ్ కాగితం పరిచి గీతలు గీయకుండా, పక్కన మీ నోటుపుస్తకంలో కొలిచి రాసుకోండి. పాత కాగితం మీద పెన్సిలు ఒత్తకూడదు.

ప్రశ్న: డీటీపీ పని చేస్తూ డిజైన్ కోర్సులో చేరాను. ఇన్నాళ్ళూ ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో పని చేశాను. కాలేజీలో యూనికోడ్ వాడమంటున్నారు. అందులో టైపు చేసి, పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడుతున్నాయి. ఫాంటు లోపమా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: చాలాసార్లు లోపం ఫాంటుది కాదు. పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు ముక్కలను దాచిపెట్టి, వాటిని మీ వేళ్ళు ఒకదాని పక్కన ఒకటి పేర్చేవి. ఫాంటు మార్చగానే అర్థంలేని గుర్తులు బయటపడటానికి కారణం అదే. యూనికోడ్‌లో క్ష అన్నది క, పొల్లు, ష అనే మూడు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. వాటిని కలిపి ఒక్క అక్షరంగా గీసే పని ఫాంటులోని నియమాలూ, ఆ నియమాలను చదవగల సాఫ్ట్‌వేర్ యంత్రాంగమూ కలిసి చేస్తాయి. ఇన్‌డిజైన్‌లో ఆ యంత్రాంగం పేరు వరల్డ్ రెడీ కంపోజర్. పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో దాన్ని ఎంచుకుంటే ఒత్తులు తమ చోటికి వెళతాయి. ఫొటోషాప్‌లో కూడా టైప్ ప్రిఫరెన్సుల్లో ఇలాంటి ఎంపిక ఉంది. అది మార్చిన తరువాత కూడా కుదరకపోతే అప్పుడు ఫాంటును అనుమానించండి.

కోర్సు పనులకు వ్యాసభాగంలో నోటో సెరిఫ్ తెలుగు గానీ తిరో తెలుగు గానీ, శీర్షికకు రామభద్ర గానీ వాడి చూడండి. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. ఒక పేజీలో రెండు ఫాంట్లకు మించి వద్దు. పెళ్ళిపత్రికల అలవాటు కొద్దీ ఒకే కార్డులో ఐదు ఫాంట్లు పెట్టే చేయి మీదైతే, ముందు దాన్ని కట్టేసుకోవాలి.

ప్రశ్న: దుకాణం బోర్డుకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ పెట్టి డిజైన్ చేయమని అసైన్‌మెంట్ ఇచ్చారు. మూడింటికీ ఒకే సైజు ఇచ్చినా ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా ఉంటోంది.
– ఒక విద్యార్థి, కడప

జవాబు: సైజు అంకెలు సమానంగా ఉండాలని ఎవరూ అనలేదు, కంటికి సమానంగా ఉండాలి. ఇంగ్లీషును పెద్దబడి అక్షరాల్లో పెడితే అది గోడ కట్టినట్టు నిలబడి మిగిలిన రెండింటినీ మింగేస్తుంది. ముందు తెలుగును పెట్టి, ఒత్తులూ గుడులూ లేని ‘ర, న, ల’ వంటి అక్షరాల ఎత్తును కొలవండి. ఆ ఎత్తుకు ఇంగ్లీషు చిన్నబడి ఎక్స్-హైట్ దాదాపు సరిపోయేలా దాన్ని తగ్గించండి. ఉర్దూ నస్తలీఖ్ రాత కుడి నుంచి ఎడమకు వాలుగా కిందికి దిగుతుంది, కాబట్టి దానికి అడ్డం తక్కువైనా నిలువు చోటు ఎక్కువ కావాలి. బోర్డులో దాని పట్టీని మిగతా రెండింటికన్నా ఎత్తుగా ఉంచండి. ఆపైన రోడ్డు అవతల నిలబడి చూడండి. మీ కడప ఏడు రోడ్ల కూడలిలో అలాంటి బోర్డులకు కొదవ లేదు. బాగున్నవీ బాగాలేనివీ చెరో పది ఫొటో తీసుకుని, మొదట ఏ లిపి కంటబడిందో ప్రతి ఫొటో కింద రాయండి.

ప్రశ్న: నా చేతిరాత అసలు బాగుండదు. టైపోగ్రఫీ నాకు వస్తుందా?
– ఒక విద్యార్థిని, బద్వేలు

జవాబు: వస్తుంది. రాత వేరు, చూపు వేరు. అయినా పలక సైజు కాగితం మీద వెడల్పు పాళీతో రోజూ ఒకే అక్షరాన్ని అరగంట రాయండి, రాత బాగుపడటం కోసం కాదు, గీత ఎక్కడ లావెక్కుతుందో ఎక్కడ సన్నబడుతుందో చేతికి తెలియడం కోసం. అలాగే మీ ఊరి గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కిన కడప బండలు ఉంటే, పలుచని కాగితం వేసి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దండి. ఉలికి ఇరుకు మలుపులు తిరగవు కనుక, చెక్కినతను ఏ ఒత్తును ఎలా సులువు చేసుకున్నాడో ఆ కాగితం మీద తేలుతుంది.