పిల్లోడి ముక్కు ఆపరేషన్ గురించి

కర్నూలు

తల్లీ, పెద్దమ్మ ఆశీస్సులు.

పంపిన రిపోర్టు చూశాను. యాంజియోఫైబ్రోమా అంటే ముక్కు లోపల వెనకవైపు పెరిగే రక్తనాళాల గడ్డ. అది క్యాన్సర్ కాదు, ముందు ఆ భయం వదులు. ఇది దాదాపుగా ఎదిగే వయసు మగపిల్లలకే వస్తుంది. ఒకవైపు ముక్కు మూసుకుపోతుంది, మాటిమాటికీ రక్తం కారుతుంది. మన ఎండలకు ఎవరి ముక్కులో రక్తం వచ్చినా వేడి చేసిందిలే అని సబ్జా నీళ్లు తాగిస్తాం. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు, ఇందులో నీ తప్పేం లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నా. ఓపీలో కూర్చోబెట్టి చిన్న ముక్క తీసి టెస్టుకు పంపుదామంటే ఒప్పుకోవద్దు. ఆ గడ్డ నిండా రక్తనాళాలే. ఇంకెక్కడో ముక్క తీయించుకుని, రక్తం ఆగక ముక్కులో గుడ్డ కుక్కుకుని పెద్దాసుపత్రికి వచ్చిన పిల్లల్ని థియేటర్ నర్సుగా చూశాను. నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, ఎమ్మారై చూస్తేనే చాలావరకు తేలిపోతుంది.

ఎండోస్కోపు సుమారు 4 మిల్లీమీటర్ల మందం గొట్టం. ముక్కు రంధ్రంలోంచి పంపి, టీవీలో చూస్తూ గడ్డ తీస్తారు. ముఖం మీద కోత పడదు. గడ్డ కంటివైపో మెదడువైపో బాగా పాకి ఉంటే మాత్రం ఇదొక్కటే చాలకపోవచ్చు. ఎంతవరకు పాకిందో డాక్టరును సూటిగా అడుగు. ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు గజ్జల్లోంచి సన్నని ట్యూబు పంపి గడ్డకు వెళ్లే నాళాన్ని మూసేస్తారు, దాన్ని ఎంబోలైజేషన్ అంటారు. రక్తం పోవడం బాగా తగ్గుతుంది. ఆ సదుపాయం, ఇలాంటి కేసులు చేసిన చెయ్యి, రెండూ ఉన్న చోటుకే వెళ్లండి, హైదరాబాదైనా బెంగళూరైనా సరే. ఖర్చు సంగతి ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్లో ముందే కనుక్కోండి.

ఈలోగా రక్తం వస్తే తల వెనక్కి వాల్చొద్దు. ముందుకు వంచి కూర్చోబెట్టి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టు. ఆగకపోతే ఆసుపత్రికి పరిగెత్తడమే. హిమోగ్లోబిన్ చూపించు. ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటివి డాక్టరు చెప్పకుండా వెయ్యొద్దు.

ఆపరేషన్ అయ్యాక మొదటి రాత్రే కష్టం. రక్తం ఆగడానికి ముక్కు నిండా కుక్కిన ప్యాకింగ్ ఉంటుంది, నోటితోనే ఊపిరి. పెదాలు ఎండి పగులుతాయి, తడి గాజుగుడ్డతో అద్దుతూ ఉండు. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టు. రక్తం గొంతులోకి దిగితే మింగకుండా ఉమ్మెయ్యమను, ఎంత పడుతోందో సిస్టరుకు చూపించు. ప్యాక్ తీసేటప్పుడు వాడి చెయ్యి పట్టుకో. తీశాక కొన్ని వారాలు ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కు కడగడానికి కాచి చల్లార్చిన నీళ్లతో చేసిన ఉప్పునీళ్లే వాడు, కుళాయి నీళ్లు వద్దు. లోపల కట్టే చెక్కులు డాక్టరే ఎండోస్కోపుతో తీస్తాడు, మీరు గోకొద్దు.

ఇవన్నీ పిల్లోడికి కూడా చెప్పు. వాడికి తెలియకుండా అల్లుడూ నువ్వూ గుసగుసలాడితే వాడి టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

ముక్కు బాగైందని చెకప్‌లు మానెయ్యకు. కొంచెం మిగిలినా గడ్డ మళ్లీ పెరగొచ్చు, అది స్కాన్‌లోనే ముందు కనపడుతుంది. కొన్నేళ్లపాటు పిలిచినప్పుడల్లా వెళ్లాలి. సీడీలు, ఫైలు పారెయ్యకు.

రక్తం ఇవ్వగల మనవాళ్ల గ్రూపులు రాసుకుని ఈ వారంలోనే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ