రాతి మీద తారీఖు ఉండదు కదా, మరెలా?

ప్రశ్న: పాత గ్రీకు విగ్రహాల కింద క్రీ.పూ. 590 అనీ 530 అనీ వేస్తారు, రాయి చూసి అంత ఎలా చెప్తారండీ? గిసెలా రిక్టర్ పద్ధతి అంటారు, ఆవిడ నకిలీ బొమ్మల్ని నమ్మేసిందట కూడా, మరి ఆవిడ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: నమ్మేసిన మాట నిజమేనండీ. అయినా నాకు ఆవిడంటే చాలా గౌరవం, ఎందుకో చెప్తాను. 1882లో లండన్‌లో పుట్టి కేంబ్రిడ్జ్‌లో చదివారు, అప్పట్లో అక్కడ ఆడవాళ్ళు చదవొచ్చు గానీ డిగ్రీ ఇవ్వరు. అలాంటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1925లో క్యూరేటర్, అంటే సేకరణ చూసుకునే అధికారి, అయ్యారు, అక్కడ ఆ హోదాకొచ్చిన మొదటి మహిళ ఆవిడే. గ్రీకు కుండల గురించి రాయాలని తనే సారె ముందు కూర్చుని కుండలు చెయ్యడం నేర్చుకున్నారు, అందుకే పెద్ద కుండని ముక్కలుగా చేసి కాస్త ఆరాక అతికేవారని, ఆ అతుకు లోపలివైపు ఎక్కడ తెలుస్తుందో కూడా చెప్పగలిగారు.

విగ్రహాలకీ అదే చూపు. కూరోస్ అంటే ఎడమకాలు ముందుకేసి నిలబడ్డ కుర్రాడి పాత గ్రీకు రాతిబొమ్మ, అవన్నీ పక్కపక్కన పెట్టి చెవి, మోకాలిచిప్ప, పొట్ట కండరాలు పోల్చుకుంటూ వెళ్ళారు. మొదట్లో చెవి చుట్టలు తిరిగిన ముగ్గులా ఉంటుంది, పొట్ట మీద ఉత్త గీతలే, రాన్రాను అది నిజం చెవి, నిజం కండ అవుతుంది. ఆ వరసలో బొమ్మ ఎక్కడ పడుతుందో అదే దాని కాలం, 1942లో పుస్తకంగా వచ్చింది ఇది.

ఇక నకిలీలు. ఎట్రుస్కన్ల (పాతకాలం ఇటలీ జాతి) యోధుల బొమ్మలనుకుని మ్యూజియం కొన్న పెద్ద పెద్ద మట్టిబొమ్మలు, ఒకటైతే దాదాపు 8 అడుగులు, వాటిని అసలువేనని 1937లో ఆవిడే రాశారు. 1960లో పరీక్షిస్తే నల్లరంగులో మాంగనీస్ బయటపడింది, ఆ కాలంవాళ్ళు నలుపుకి అది వాడరు. చేసినవాళ్ళలో ఒకడు ఒప్పుకుని, బొమ్మకి లేని బొటనవేలు తెచ్చి చూపించాడు, సరిగ్గా అతికింది! అంత పెద్ద బట్టీ లేక బొమ్మని పగలగొట్టి ముక్కలుగా కాల్చారట.

కూరోస్ వరసని మాత్రం అది కొట్టెయ్యదు, రెండూ వేరు. దాని ఇబ్బంది దానికుంది, అన్ని ఊళ్ళ శిల్పులూ ఒకే వేగంతో మారి ఉండరని తర్వాతివాళ్ళు అభ్యంతరం చెప్పారు, అది న్యాయమే. కాబట్టి ఏది ముందు ఏది వెనక అన్నది చాలావరకు నమ్మండి, 590 అన్న అంకెని మాత్రం కొన్నేళ్ళు అటూ ఇటూగా చదువుకోండి.