యువైటిస్‌లో సైటోకైన్లు ఏం చేస్తాయి?

యువైటిస్ అంటే కంటి మధ్యపొరకి వచ్చే వాపు. ఈ వాపుకి ఇమ్యూనిటీకి ఏం సంబంధం అని అడిగినారు కదా. మా తిరుపతిలో మా అత్తకి ఇదే వచ్చింది, కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయేది, మేమేమో కండ్లకలక అనుకుని ఊరికే ఉండిపోయినాం.

సైటోకైన్లంటే ఇమ్యూన్ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే చిన్న ప్రోటీన్లు, టీఎన్ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్ 6 లాంటివి. ఇవి ఎక్కువైతే కంటి రక్తనాళాల గోడలు వదులై తెల్లకణాలు లోపలికి వచ్చేస్తాయి, స్లిట్ ల్యాంప్ అనే కంటి డాక్టర్ల మైక్రోస్కోప్‌లో చూస్తే ఎండలో దుమ్ము మాదిరి తేలతా కనపడతాయి. స్టెరాయిడ్లు ఈ సైటోకైన్లలో చాలావాటిని అణిచేస్తాయి, కానీ ఎక్కువకాలం వాడితే శుక్లం, కంటి ప్రెషర్ రావచ్చు. అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ మందు టీఎన్ఎఫ్‌ని మాత్రమే పట్టుకుంటుంది, ఇన్ఫెక్షన్ వల్ల రాని కొన్ని రకాల యువైటిస్‌కి 2016లో అమెరికాలో అనుమతి ఇచ్చినారు. అయితే ముందు టీబీ టెస్ట్ చేయించుకోవాల్సిందే, ఎందుకంటే ఒంట్లో దాగిన టీబీని అణిచిపెట్టడంలో టీఎన్ఎఫ్‌ది పెద్ద పాత్ర.