నెలనెలా ఈఎంఐ కట్టినట్టు బరువు తగ్గదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. ఎనిమిదేళ్లుగా షుగర్, అంతకుముందు నుంచే థైరాయిడ్ ఉన్నాయి. ఏడు నెలల క్రితం 112 కిలోలున్నప్పుడు, బరువు తగ్గడానికి కడుపుని కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. మొదటి రెండు నెలల్లో 11 కిలోలు తగ్గాను. తర్వాత నెలకు రెండేసి కిలోలు. ఈ నెల అసలు కదల్లేదు, 93 దగ్గరే ఆగిపోయింది. ఇన్సులిన్ ఆపేశారు, ఒక మాత్ర ఉంది. నాతోపాటే చేయించుకున్న మా పెదనాన్నగారి అమ్మాయి 34 కిలోలు తగ్గింది. ఆపరేషన్ కోసం నా గాజులు బ్యాంకులో పెట్టాం, మిగతాదానికి మావారు లోన్ తీసుకున్నారు. మొన్న చుట్టాల ముందు ఆయన ‘ఈఎంఐ నెలనెలా కట్ అవుతోంది, ఈవిడ బరువే కట్ అవట్లేదు’ అన్నారు. అందరూ నవ్వారు. మా అత్తగారేమో ‘ఏమీ తినట్లేదంటుంది, మరెందుకు తగ్గదో’ అని దీర్ఘాలు తీస్తారు. రోజుకు నాలుగైదుసార్లు మెషిన్ ఎక్కుతున్నాను. పగలు సరిగ్గా తినను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి చెగోడీలో బిస్కెట్లో తింటున్నాను. జుట్టు కూడా ఊడుతోంది. ఒక్కోసారి ఆపరేషన్ బల్ల మీదే పోయినా బాగుండేది అనిపిస్తుంది. నా ఆపరేషన్ ఫెయిలైనట్టేనా? మళ్లీ చేయించుకోవాలా? వచ్చే నెల ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. అందరూ నన్నే చూస్తారు. వెళ్లాలా, మానేయాలా?
– ఒక సోదరి

జవాబు: మీరు చివర్లో ‘ఒక్కోసారి’ అంటూ రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. ఆపరేషన్ బల్ల మీదే పోయినా బాగుండేది అన్న ఆలోచన ఎప్పుడో విసుగులో వచ్చి పోతోందా, లేక రాత్రిళ్లు తరచూ వస్తోందా? తరచూ వస్తుంటే, లేదా ఏదైనా చేసుకోవాలన్న ఊహ ఒక్కసారి వచ్చినా, ఈ జవాబు పక్కన పెట్టి ముందు ఇంట్లో మీరు నమ్మే ఒకరికి చెప్పండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికి ఆ తర్వాత దిగులు పెరగడం డాక్టర్లకు తెలిసిన విషయమే. అందుకే తర్వాతి చెకప్‌లో ఈ సంగతి మీ సర్జన్‌కి కూడా చెప్పండి. సిగ్గుపడాల్సిన పని లేదు. కడుపునొప్పి వస్తే చెప్పరా, ఇదీ అంతే.

ఇక ఫెయిలైందా అన్న ప్రశ్న. అవ్వలేదు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదు, మీరిచ్చిన అంకెలే చెబుతున్నాయి. 112లో 19 అంటే మీ మొత్తం బరువులో 17 శాతం. స్లీవ్ చేయించుకున్నవాళ్లు సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో కాస్త అటూఇటూగా 25 శాతం తగ్గుతారు. మీ విషయంలో అది 28 కిలోలు. ఏడు నెలలకే 19 దాకా వచ్చారు. కాస్త నెమ్మదిగా వెళుతున్న మాట నిజమే, దాన్ని దాచను. కానీ ఏళ్లతరబడి షుగర్ ఉండి, ఇన్సులిన్ వాడినవాళ్లు షుగర్ లేనివాళ్ల కంటే తక్కువ తగ్గడం మామూలుగా జరిగేదే. మీ అక్కో చెల్లెలో తెలియదు గానీ, ఆమె వయసెంత, మొదట ఎంత బరువుంది, షుగర్ ఉందా, చేసింది స్లీవా, పేగుని కూడా మళ్లించే బైపాసా అన్నవి మీరు రాయలేదు. రాసింది 34 అన్న అంకె ఒక్కటే. 140 కిలోల మనిషి 34 తగ్గడం, 112 కిలోల మనిషి 34 తగ్గడం ఒకటి కాదు.

మళ్లీ ఆపరేషన్ అన్న మాట ఇప్పుడు ఆలోచించాల్సిందే కాదు. బరువు ఆగిందని ఏడు నెలలకే ఆ నిర్ణయం సాధారణంగా తీసుకోరు. ఈమధ్య అందరూ చెప్పుకుంటున్న బరువు తగ్గే ఇంజెక్షన్ల గురించి కూడా మీకు ఆలోచన వచ్చి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత అవసరమైనవాళ్లకు డాక్టర్లు వాటిని రాస్తున్నారు. కానీ అది వాళ్లు పరీక్షలు చూసి చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన విషయం మరొకటుంది. ‘ఇన్సులిన్ ఆపేశారు, ఒక మాత్ర ఉంది.’ ఎనిమిదేళ్ల జబ్బు గురించిన ఇంత పెద్ద సంగతిని అరలైనులో చెప్పి, వెంటనే చుట్టాలమ్మాయి కిలోల్లోకి వెళ్లిపోయారు. ఎందుకంటే మీ ఇంట్లో ఆ సంగతికి విలువ కట్టలేదు. విలువంతా మెషిన్ మీద అంకెకే. గాజులు బ్యాంకుకి వెళ్లిన రోజు నుంచీ ఈ ఆపరేషన్ వైద్యంలా కాకుండా అప్పులా మారిపోయింది. ఆ అప్పును మీ ఒళ్లు నెలనెలా కిలోల రూపంలో తీర్చాలని మీవారు అనుకుంటున్నారు, అత్తగారు అనుకుంటున్నారు. అందరికంటే గట్టిగా మీరే అనుకుంటున్నారు. లేకపోతే రోజుకు నాలుగుసార్లు మెషిన్ ఎందుకెక్కుతారు?

ఒళ్లు అలా నెలవారీ లెక్కన తగ్గదు. మొదటి నెలల్లో వేగంగా తగ్గినదానిలో నీరు కూడా చాలా ఉంటుంది. తిండి ఒక్కసారిగా పడిపోయినప్పుడు కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖర్చవుతుంది. దాన్ని పట్టుకుని ఉన్న నీరూ పోతుంది. ఆ తర్వాత వేగం మందగించాల్సిందే. మధ్యమధ్య రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల కూడా, అంకె అసలు కదలకుండా ఉండిపోతుంది. బాగా తగ్గేవాళ్లకూ ఇది జరుగుతుంది. నెలసరి ముందు ఒంట్లో నీరు చేరితే కిలో పెరిగినట్టూ కనిపిస్తుంది. పొద్దున 93, రాత్రి 94 అని చూసి మీరు బాధపడేది చాలావరకు తాగిన నీళ్ల గురించి, తిన్న అన్నం గురించి.

కాబట్టి మెషిన్‌ని మంచం కిందకి తోసేయండి. వారానికి ఒక్కరోజు, ఆదివారం పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు ఎక్కండి. అంకె రాసుకుని దిగిపోండి. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకోండి. బరువు ఆగిపోయిన నెలల్లో కూడా నడుము తగ్గుతూ ఉండొచ్చు. జాకెట్టు వదులైన సంగతి మెషిన్‌కి తెలియదు.

అసలు మాట్లాడుకోవాల్సింది రాత్రి పదకొండు గంటల వంటింటి గురించి. మిమ్మల్ని తప్పుపట్టను. పగలంతా ‘తింటే అంటారు’ అన్న భయంతో కడుపు మాడ్చుకుంటున్నారు, రాత్రి ఎవరూ చూడనప్పుడు ఒళ్లు బాకీ వసూలు చేసుకుంటోంది. ఆపరేషన్ కడుపు సైజు తగ్గించింది. ఎవరైనా మాట అన్నప్పుడు ఏదో ఒకటి నోట్లో వేసుకుంటే వచ్చే ఊరట మీద మీకున్న అలవాటును అది తీసెయ్యలేదు, తీసెయ్యడం దాని వల్ల కాదు కూడా. పైగా చెగోడీలు, మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ లాంటివాటిని కోసి చిన్నది చేసిన కడుపు అడ్డుకోలేదు. చికెన్ ముక్క, గుడ్డు తింటే వెంటనే నిండినట్టు ఉంటుంది. చెగోడీలు నమిలేసరికి పిండైపోయి జారిపోతాయి, ఇంకో గుప్పెడుకి చోటుంటుంది. వంద గ్రాముల చెగోడీలంటే దాదాపు 500 క్యాలరీలు. మీ పరిస్థితిలో అది సగం రోజు తిండి. అత్తగారి ‘ఏమీ తినట్లేదంటుంది’ అన్న మాటకి జవాబు ఇక్కడుంది గానీ, ఆవిడకి చెప్పాల్సిన అవసరం లేదు.

పరిష్కారం రాత్రి నోరు కట్టుకోవడంలో దొరకదు. పగలు ధైర్యంగా తినడంలో ఉంది. మీకు రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. మన ఇళ్లలో తిండి అన్నం చుట్టూ, టిఫిన్ల చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఇది దానంతటదే రాదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటే, ఇడ్లీలో రెండు గ్రాములు మించదు. పొద్దున రెండు ఇడ్లీలు తినే బదులు రెండు గుడ్లు, లేదా నూనె తక్కువ వేసిన చిన్న పెసరట్టు పనీరుతో తినండి. స్కూలుకి ఉడికించిన శనగలో, గట్టి పెరుగో తీసుకెళ్లండి. మధ్యాహ్నం చేపో చికెనో పప్పో ముందు తిని, చోటు మిగిలితే అన్నం. అప్పటికీ లెక్క చాలకపోతే డైటీషియన్ చెప్పిన పౌడర్ కలుపుకోండి. తినేటప్పుడు నీళ్లు తాగకుండా అరగంట ఆగి తాగండి. అన్నంలో నీళ్లమజ్జిగ పోసుకుని జారుడుగా తినే అలవాటుంటే అది మాత్రం మానుకోవాల్సిందే. త్వరగా కిందికి దిగిపోయి మళ్లీ ఆకలేస్తుంది.

రాత్రి వంటింట్లోకి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. తినే ముందు ఫోన్లో టైమూ, ఆరోజు ఎవరు ఏమన్నారో ఒక్క ముక్క రాయండి. రాశాక తినాలనిపిస్తే తినండి, కానీ ప్లేటులో వేసుకుని కూర్చుని తినండి. రెండు వారాలకి ఆ నోట్సు చూస్తే, ఆకలితో తిన్న రాత్రులెన్నో, మాటలు పడి తిన్న రాత్రులెన్నో మీకే తెలుస్తుంది. ఆ నోట్సు పట్టుకుని ఒక సైకాలజిస్టుని కలవండి. బరువు తగ్గే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ సెంటర్లలో చాలాచోట్ల ఉంటారు. మీ ఆసుపత్రిలో లేకపోతే బయట వెతకండి.

మాత్రల విషయం క్లుప్తంగా. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, ఆ వెంటనే టిఫిన్ తర్వాత క్యాల్షియం, ఐరన్ వేసేసుకుంటున్నారా? చాలామంది అలాగే చేస్తారు. క్యాల్షియం, ఐరన్ రెండూ థైరాయిడ్ మందుని ఒంటికి పట్టనివ్వవు. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించండి, బరువు తగ్గాక డోసు మార్చాల్సి రావచ్చు. బీ12, విటమిన్ డి, ఐరన్ కూడా చూడమనండి. ఈ విటమిన్లు జీవితాంతం వేసుకోవాల్సినవి, బరువు తగ్గట్లేదన్న కోపంతో మానేయొద్దు. జుట్టు ఊడటం ఆపరేషన్ తర్వాత మూడో నెల నుంచి మామూలే, ఎక్కువమందికి మళ్లీ వస్తుంది. ప్రొటీన్, ఐరన్ సరిగ్గా అందకపోతే మాత్రం ఆలస్యమవుతుంది. ఎప్పుడైనా ఆగకుండా వాంతులైతే ఇంట్లో సోడా తాగుతూ కూర్చోకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. బీ1 విటమిన్ పడిపోతే నరాలు దెబ్బతింటాయి.

ఇప్పుడు మీవారు. నలుగురి ముందు ఆయన అన్నది తప్పు. జోకు కదా అని మీరు సర్దుకుపోనక్కర్లేదు. అయితే ఆ జోకులో మొదటి సగం ఈఎంఐ అని గమనించారా? ఆయనకి డబ్బు భయముంది. ఆ భయాన్ని నేరుగా చెప్పడం చేతకాక మీ ఒంటి మీదకి తోశారు. ఆయన ఖాళీగా ఉన్న పూట, పిల్లలూ అత్తగారూ లేనప్పుడు కూర్చోబెట్టి చెప్పండి: “ఏవండీ, లోన్ గురించి మీకు టెన్షన్ ఉందని నాకు తెలుసు, నాకూ ఉంది. దాని గురించి ఎంతసేపైనా మాట్లాడదాం. కానీ నా బరువు గురించి నలుగురిలో ఇంకెప్పుడూ అనొద్దు. ఆ రాత్రి నేను చాలా దిగజారిపోయాను.” ఏడుపొస్తే రానివ్వండి, కానీ దెప్పుళ్లలోకి వెళ్లకండి. లెక్కే కావాలంటే పూర్తి లెక్క వేద్దాం అనండి. నెలకి ఇన్సులిన్‌కి, సూదులకి, స్ట్రిప్పులకి ఎంతయ్యేదో ఆయనకి గుర్తుండే ఉంటుంది. ఆ డబ్బు ఇప్పుడు మిగులుతోంది. దాన్ని గాజులు విడిపించడానికి పక్కన పెట్టండి. తర్వాతి చెకప్‌కి ఆయన్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి. ఏడు నెలలకి 17 శాతం అన్న మాట భార్య చెబితే సాకులా వినిపిస్తుంది, డాక్టరు నోట వింటే నమ్ముతారు. మన మగవాళ్లలో ఈ జబ్బు కాస్త ఎక్కువే.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడకో పని అప్పగించండి. “అత్తయ్యా, నాకు రోజూ ప్రొటీన్ కావాలన్నారు, పప్పు కాస్త గట్టిగా చేద్దామా” అని అడగండి. దీర్ఘాలు తీసే పెద్దవాళ్లలో చాలామందికి వంటలో పెత్తనమిస్తే నోరు కొంత తగ్గుతుంది. చెగోడీల డబ్బా మీకు కనిపించని చోట పెట్టమని కూడా ఆవిడనే అడగొచ్చు. కారణం చెప్పాలని లేదు, షుగర్ అంటే చాలు.

ఫంక్షన్‌కి వెళ్లండి. మేనకోడలి ఓణీల వేడుకకి మేనమామ భార్య రాకపోతే ఆ మాట పదేళ్లు నిలబడుతుంది, మీ బరువు మాట సాయంత్రానికి మర్చిపోతారు. ‘ఎంత తగ్గావమ్మా’ అని అడిగితే కిలోలు చెప్పకండి. “ఇన్సులిన్ మానేశాను పిన్నీ, ఇప్పుడు ఒక్క మాత్రే” అనండి. వెంటనే ఆవిడ తన షుగర్ గురించి మొదలుపెడుతుంది, మీరు వింటే చాలు. ఇంట్లో రెండు గుడ్లు తిని బయల్దేరండి. పంక్తిలో కూర్చున్నాక వడ్డించేవాళ్లకి ‘కొంచెం’ అంటే వినరు, అరచెయ్యి విస్తరి మీద అడ్డం పెట్టండి. బొబ్బట్టు తినాలనిపిస్తే చిన్న ముక్క తినండి. ఎక్కువ తీపి ఒక్కసారిగా పడితే కొందరికి గుండెదడ, చెమటలు, కళ్లు తిరగడం వస్తాయి. చీర విషయానికొస్తే, కొత్తది కొనకండి. నాలుగేళ్లుగా జాకెట్టు పట్టక బీరువాలో ఉండిపోయిన పట్టుచీర ఒకటి ఉండే ఉంటుంది. ఈ వారమే తీసి టైలర్‌కి చూపించండి, ఓణీల సీజన్‌లో వాళ్లు చివరి నిమిషంలో తీసుకోరు.